బాస్టిల్ కూలాకే అసలు పరీక్ష

మా అన్నయ్య కూతురు సీబీఎస్‌ఈలో తొమ్మిదో తరగతి చదువుతున్నప్పటి సంగతి ఇది. హాఫ్ ఇయర్లీకి హిస్టరీలో ఫ్రెంచి విప్లవం చాప్టర్ పెట్టారు. నేనప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్-2 కోచింగ్ తీసుకుంటూ అన్నయ్యావాళ్లింట్లోనే ఉండేవాణ్ని. "రోజంతా హిస్టరీయే కదయ్యా చదువుతావు, దానిక్కూడా కాస్త చెప్పరాదూ" అని వదిన ఆ పని నా నెత్తిన పెట్టింది. నా చదువంతా బిట్ల చదువు. నాలుగు ఆప్షన్లు చూపిస్తే సరైనది పట్టుకుంటాను. అమ్మడు రాయాల్సింది మాత్రం ఐదు మార్కుల జవాబు, 120 పదాల్లో, ఎందుకు జరిగింది, తర్వాత ఏమైంది అనేదానితో సహా.

1789 దాకా దానికి నా అవసరమే లేదు. ఆ భాగం కథలా ఉంటుంది, దానికి నోటికొచ్చేసింది. 16వ లూయీ, ఖాళీ ఖజానా, అమెరికా యుద్ధంలో ఇంగ్లండ్ మీద కక్షతో పోసిన డబ్బు, చాలా పన్నుల నుంచి మినహాయింపున్న మొదటి రెండు ఎస్టేట్లు అంటే మతగురువులు, ప్రభువులు, భారమంతా మోసే మూడో ఎస్టేట్ అంటే మిగతా జనం. 1614 తర్వాత మళ్లీ పిలవని ఎస్టేట్స్ జనరల్ అనే మూడు ఎస్టేట్ల సభను 1789 మే 5న వర్సాయ్‌లో పిలవడం, ఓటు ఎస్టేట్‌కి ఒకటా మనిషికి ఒకటా అని గొడవ, రాజ్యాంగం రాసేదాకా విడిపోమని మూడో ఎస్టేట్ వాళ్లు జూన్ 20న టెన్నిస్ కోర్టులో చేసిన ప్రమాణం, జులై 14న పారిస్‌లో బాస్టిల్ కోట జైలు మీద జనం దాడి. జైల్లో అప్పుడున్నది ఏడుగురే ఖైదీలని చెబితే ఒక్కసారి నిరుత్సాహపడింది. "ఏడుగురి కోసమా ఇంత గొడవ?" అంది. వాళ్లు ముఖ్యంగా వెళ్లింది తుపాకీ మందు కోసం అని చెప్పాక కాస్త సర్దుకుంది.

అక్కడ నేను కలిపింది ఒక్కటే, రొట్టె లెక్క. పాఠంలో 'రొట్టె ధర పెరిగింది' అని ఒక వాక్యం ఉంటే పిల్లలు దాన్ని దాటేసి పోతారు. 1788 జులైలో వడగళ్లు పంటను కొట్టేశాయి, ఆ చలికాలం నదులు గడ్డకట్టేంత చలి. 1789 మొదట్లో పారిస్‌లో నాలుగు పౌండ్ల బరువున్న రొట్టె ధర 14 సూలు (అప్పటి ఫ్రెంచి చిల్లర నాణేలు) దాటింది. మామూలు కూలీకి రోజుకు వచ్చేది 20 నుంచి 30 సూలు. ఇంట్లో నలుగురుంటే ఆ ఒక్క రొట్టె చాలదు. అమ్మడు నోట్స్ అంచున తీసివేత వేసుకుంది, మిగిలిన దాంట్లో అద్దె, కట్టెలు, బట్టలు ఎలా అని. తర్వాత ఆ పిల్లకి 'జీవనాధార సంక్షోభం' అన్న ప్రశ్న మళ్లీ చదవాల్సిన పని పడలేదు.

చిక్కంతా బాస్టిల్ కూలాకే మొదలైంది.

పుస్తకంలో ఆ తర్వాత వచ్చే పేజీలు చూస్తే పెద్దవాళ్లకే తల తిరుగుతుంది. రాజు ఉంటాడు, తర్వాత ఉండడు, చివరికి ఇంకొకాయన చక్రవర్తి అవుతాడు. ఓటు కొందరికిస్తారు, తర్వాత ఎక్కువమందికిస్తారు, మళ్లీ లాక్కుంటారు. బానిసత్వం రద్దవుతుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ రద్దవుతుంది. జాకోబిన్లు, కన్వెన్షన్, డైరెక్టరీ, కాన్సల్. అమ్మడు పెన్ను కింద పడేసి, "ఇంతకీ విప్లవం గెలిచిందా ఓడిందా బాబాయ్? అదొక్కటి చెప్పు, మిగతాది నేను రాసుకుంటా" అంది.

దాని దగ్గరున్న గైడులో దీనికి 'విప్లవ ఫలితాలు' అని పది పాయింట్లున్నాయి. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం వ్యాపించాయి; ఫ్యూడలిజం పోయింది; జాతీయవాదం పెరిగింది. ఎవరికి, ఎప్పుడు, ఎన్నాళ్లు అన్నది ఎక్కడా లేదు. ఆ పది పాయింట్లూ బట్టీ కొట్టి ఏ దేశపు విప్లవం కిందైనా రాసేయొచ్చు. నాకు గైడుల మీద కోపమేమీ లేదు, నేను బతికేది వాటి మీదే. ఈ చాప్టర్‌కి మాత్రం ఆ పేజీని స్టేపుల్ కొట్టి మూసేశాం.

దాని బదులు ఒక చార్టు తెచ్చి నాలుగు గళ్లు గీశాం. పారిస్‌లో రోజు కూలీ ఒకడు. బజార్లో చేపలమ్మే ఆడమనిషి ఒకరు. కరీబియన్‌లోని ఫ్రెంచి వలస సాన్ దొమాంగ్‌లో చెరకు తోటలో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిస ఒకడు. ఆస్తిపాస్తులున్న లాయరు ఒకడు. పక్కన కిందికి సంవత్సరాలు: 1789, 1791, 1793, 1795, 1804. ప్రతి సంవత్సరం దగ్గరా ఆ నలుగుర్నీ పిలిచి, నీకేం వచ్చింది, ఏం పోయింది అని అడగడమే. చదువుకునే బల్ల చాలక హాల్లో కింద పరిచాం. అన్నయ్య ఆఫీసు నుంచి వచ్చి దాన్ని తొక్కకుండా గోడవారగా నడుచుకుంటూ వెళ్లేవాడు.

1789 గడి సులువు. ఆగస్టు 4 రాత్రి ఫ్యూడల్ హక్కులు వదులుకున్నారు, ఆగస్టు 26న మానవ హక్కుల ప్రకటన. అక్టోబర్ 5న పారిస్ ఆడవాళ్లు వానలో వర్సాయ్ దాకా నడిచిపోయి, మర్నాడు రాజకుటుంబాన్ని పారిస్‌కి తోడ్కొచ్చారు. చేపలమ్మే ఆమె గడిలో అమ్మడు పెద్ద టిక్కు పెట్టింది. 1791 రాజ్యాంగం దగ్గరికొచ్చేసరికి ఆ ఉత్సాహం దిగిపోయింది. 25 ఏళ్లు దాటిన మగవాళ్లు, అందులోనూ కనీసం మూడు రోజుల కూలీకి సమానమైన పన్ను కట్టేవాళ్లే 'క్రియాశీల పౌరులు'. 2 కోట్ల 80 లక్షల జనాభాలో ఓటు దక్కింది దాదాపు 40 లక్షల మందికి. లాయరు గడిలో టిక్కు, మిగతా మూడూ ఖాళీ. "రాజు దగ్గర్నుంచి తీసుకుని లాయర్లు పంచుకున్నారన్నమాట" అంది. పుస్తకం ఇంత కచ్చితంగా చెప్పదు గానీ ఆ వాక్యం జవాబులో పెట్టుకోమన్నాను.

ఒలింప్ ద గూజ్ సంగతి కూడా ఆ గడిలోనే వచ్చింది. ఆడవాళ్ల హక్కుల ప్రకటన అని 1791లో తనే ఒకటి రాసి పెట్టిన మనిషి. 1793 అక్టోబర్‌లో మహిళా క్లబ్బుల్ని మూసేశారు, నవంబర్‌లో ఆమెను తల నరికే యంత్రం గిలటిన్ ఎక్కించారు. పాఠం చివర్లో ఫ్రెంచి మహిళలకి ఓటు 1946లో వచ్చిందని ఉంది. అసలు ఆ హక్కు ఇచ్చిన ఉత్తర్వు 1944 ఏప్రిల్‌ది, వాళ్లు మొదటిసారి ఓటేసింది 1945లో. ఇదొక పెద్ద చర్చయింది మా ఇంట్లో. పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాయమన్నాను నేను. కీ షీటుతో పోట్లాడి గెలిచినవాళ్లు తక్కువని అనుభవం. అమ్మడికి అది నచ్చలేదు. వదిన టీ ఇస్తూ, "ఏ సంవత్సరమైతే ఏంటి, నూట యాభై ఏళ్లు ఆగారుగా" అని మా ఇద్దరి నోళ్లూ మూయించింది.

1793 దగ్గర ఎక్కువసేపు ఆగాం. అంతకు ముందు ఏడాదే యుద్ధం మొదలైంది, ఆగస్టు 10న రాజు ఉండే టుయిలరీ ప్యాలెస్ మీద జనం పడ్డారు, సెప్టెంబర్ 21న రాచరికం రద్దయింది. 1793 జనవరి 21న లూయీ తల తీశారు, అక్టోబర్‌లో మేరీ ఆంటోనెట్‌ది. తర్వాత జాకోబిన్లనే రాజకీయ క్లబ్బు నాయకుడు రోబెస్పియర్ పాలన. పిల్లలకి ఈయన విలన్‌గానే పరిచయమవుతాడు, గిలటిన్ బొమ్మ పక్కనే ఉంటాడు కాబట్టి. మా చార్టు దగ్గర మాత్రం కథ అడ్డం తిరిగింది. ధాన్యం రేటు ప్రభుత్వం కట్టడి చేసింది, మాంసం, రొట్టె రేషన్ పెట్టింది. తెల్ల పిండి వాడకూడదు, ఉన్నోడూ లేనోడూ ఒకే ముతక రొట్టె తినాలి, దాని పేరే ఈక్వాలిటీ బ్రెడ్. అయ్యా, అమ్మా అన్న పిలుపులు పోయి అందరూ 'సిటిజన్'. కూలీ గడిలో టిక్కు పెట్టబోయి ఆగి, "కూలీ మీద కూడా పరిమితి పెట్టారని ఉంది బాబాయ్" అంది. నేను దాన్ని గమనించమని చెప్పకముందే చూసింది, అందుకు సంతోషమేసింది. చివరికి సగం టిక్కు పెట్టాం. ఆ తర్వాత వారం పాటు నన్ను 'సిటిజన్ బాబాయ్' అనే పిలిచింది. అన్నయ్యని అలా పిలిచే ధైర్యం చేయలేదు.

రోబెస్పియర్‌ని 1794 జులై 28న అదే గిలటిన్‌కి పంపాక ఆ డిసెంబర్‌లో ధరల కట్టడి ఎత్తేశారు. రేట్లు ఆకాశానికి పోయాయి. 1795 వసంతంలో పారిస్ జనం మళ్లీ వీధుల్లోకి వచ్చి రొట్టె, మగవాళ్లకి ఆస్తితో పనిలేకుండా ఓటిచ్చిన 1793 రాజ్యాంగం, రెండూ ఇమ్మని అరిచారు. రెండూ ఇవ్వలేదు. ఆ ఏడాది వచ్చిన రాజ్యాంగం ఆస్తి లేనివాళ్ల ఓటు తీసేసి ఐదుగురు డైరెక్టర్ల చేతిలో పాలన పెట్టింది. వాళ్లకీ సభలకీ పడక, నెపోలియన్ 1799 నవంబర్‌లో సైన్యంతో వచ్చి కూర్చున్నాడు. 1795 వరుసలో మళ్లీ లాయరు గడిలోనే టిక్కు పడింది. 1791కీ 1795కీ ఉన్న పోలిక అమ్మడికి చార్టు మీద కంటికి కనిపించింది. డైరెక్టరీ ఎందుకు కూలింది అన్న మూడు మార్కుల ప్రశ్నకి అది చాలు. నెపోలియన్ గురించి మేం ఎక్కువ చదవలేదు, అడిగేదీ తక్కువే.

ఇక బానిస గడి. నిజం చెప్పాలంటే ఈ చాప్టర్‌లో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. దీనికి దారి మ్యాపులో దొరికింది.

అప్పట్లో సీబీఎస్‌ఈ వాళ్లు ఈ చాప్టర్‌కి ఫ్రాన్స్ మ్యాపులో గుర్తించమన్నవి నాలుగు ఊళ్లు: పారిస్, మార్సెయ్, బోర్డో, నాంత్. పిల్లలు చుక్కలు పెట్టడం నేర్చుకుని వదిలేస్తారు. పారిస్ సరే. మార్సెయ్ ఎందుకంటే 1792లో అక్కణ్నుంచి పారిస్‌కి నడిచొచ్చిన వాలంటీర్లు పాడిన పాటే ఇప్పుడు ఫ్రాన్స్ జాతీయ గీతం. మరి పశ్చిమాన సముద్రం వైపున్న బోర్డో, నాంత్ ఎందుకు? ఆ రెండు రేవులూ బాగుపడింది బానిసల వ్యాపారంతో. అక్కడ బయల్దేరిన ఓడలు ఆఫ్రికా తీరానికి పోయి మనుషుల్ని కొని, సంకెళ్లతో కరీబియన్‌కి తీసుకెళ్లి అమ్మి, చక్కెర, కాఫీ, నీలిమందు ఎక్కించుకుని తిరిగొచ్చేవి. మానవ హక్కుల ప్రకటన రాసిన సభ ఈ వ్యాపారం జోలికి పోలేదంటే వ్యాపారులకి కోపం వస్తుందన్న భయం.

1791 ఆగస్టులో సాన్ దొమాంగ్‌లో బానిసలే తిరగబడ్డారు. తోటలు తగలబెట్టారు. ఒకప్పుడు తనూ బానిసగా బతికిన తూసాంట్ లూవెర్చూర్ వాళ్లకి నాయకుడయ్యాడు. పారిస్‌లో కన్వెన్షన్ అనే ఎన్నికైన సభ 1794 ఫిబ్రవరి 4న బానిసత్వం రద్దు చేసిందంటే వెనక ఈ తిరుగుబాటు ఉంది. ఇది తెలియకపోతే జాకోబిన్లు దయతలచి ఇచ్చారనిపిస్తుంది. 1802లో నెపోలియన్ మళ్లీ బానిసత్వం తెచ్చాడు. గ్వాడలూప్ అనే ఇంకో కరీబియన్ వలసలో తేగలిగాడు, సాన్ దొమాంగ్‌లో అతని సైన్యం ఓడిపోయింది. 1804 జనవరి 1న అది హైతీ అనే స్వతంత్ర దేశమైంది. అక్కడితో అయిపోతే బాగుండేది. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపి, మిమ్మల్ని దేశంగా గుర్తించాలంటే తోటలు పోగొట్టుకున్న యజమానులకి 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. విడుదలైనవాళ్లు తమ మీద వచ్చే నష్టం తామే కట్టుకోవాలి. మిగతా ఫ్రెంచి వలసల్లో బానిసత్వం పోయింది 1848లో.

అమ్మడు ఆ గడిలో టిక్కులూ ఇంటూలూ పెట్టడం మానేసి చిన్న అక్షరాలతో మొత్తం కథ రాసేసింది. గడి చాలక పక్క గడిలోకి పోయింది. 1804 వరుసలో లాయరు గడి మీద కూడా హైతీ సంగతే ఉంటుంది.

పరీక్షకి ముందు ఆదివారం దాన్ని స్కూటీ మీద రేమండ్ సమాధికి తీసుకెళ్లాను. మూసారాంబాగ్ మెట్రో మీదుగా రోజూ వెళ్లేవాళ్లకి కూడా ఆ పేరు ఈ రేమండ్ అనే ఫ్రెంచి సైనికాధికారి వల్ల వచ్చిందని తెలీదు. నిజాం దగ్గర సేనానిగా ఉండి 1798 మార్చిలో పోయాడు. ఆస్మాన్‌గఢ్ దిక్కున గుట్ట మీద నల్లరాతి స్తంభం, దాని మీద 'జేఆర్' అని రెండు ఇంగ్లీషు అక్షరాలు. పక్కన ఖాళీ జాగాలో కుర్రాళ్లు క్రికెట్ ఆడుతున్నారు. బంతి ఒకటి దొర్లుకుంటూ స్తంభం గట్టు దాకా వచ్చింది.

రేమండ్ పటాలం హైదరాబాద్‌లో ఫ్రెంచి రిపబ్లిక్ మూడు రంగుల జెండాతో తిరిగేదని, సిపాయిల గుండీల మీద స్వేచ్ఛా టోపీ గుర్తుండేదని అప్పటి బ్రిటిష్ అధికారులే రాసుకున్నారు. ఆ ఎర్ర టోపీ అమ్మడి పాఠంలో గుర్తుల పేజీలో ఉంది. విడుదలైన బానిస పెట్టుకునేదని దాని అర్థం. తెగిన గొలుసు, కట్టెల మోపు, తోక కరుచుకున్న పాముతో పాటు ఒక్క మార్కు ప్రశ్నగా వస్తుంది. "రాజుని చంపినవాళ్ల జెండా పట్టుకుని నిజాం దగ్గర ఉద్యోగమా?" అని నవ్వింది. అది నిజంగానే విచిత్రం. నిజాంకి జెండాతో పనిలేదు, పటాలం కావాలి. బ్రిటిష్ వాళ్లకి మాత్రం ఆ జెండాతోనే దడ.

ఇక్కడ నాకూ ఒకటి కలిసొచ్చింది. బ్రిటిష్ వాళ్ల సైన్యాన్ని తన ఖర్చుతో పెట్టుకునే సైన్య సహకార ఒప్పందానికి మొదట ఒప్పుకున్నది ఎవరు? నిజాం, 1798. గ్రూప్స్ రాసేవాణ్ని నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఆ ఏడాదే వెల్లస్లీ గవర్నర్ జనరల్‌గా దిగడం, జులైలో నెపోలియన్ ఈజిప్టులో దిగడం, సెప్టెంబర్‌లో ఒప్పందం, అక్టోబర్‌లో ఆ ఫ్రెంచి పటాలం చేత ఆయుధాలు కింద పెట్టించడం అన్నీ ఒకే తాడు మీద ఉన్నాయని అప్పటిదాకా ఎప్పుడూ వరసగా పెట్టి చూడలేదు. ఇదేదీ అమ్మడి సిలబస్‌లో లేదు. వదిన కూడా అదే అడిగింది, ఎండలో గుట్టలెక్కించి మార్కులేమైనా పెంచావా అని.

తర్వాత రాయడం మిగిలింది. తెలిసినదంతా 120 పదాల్లో కుక్కడం తెలుసుకోవడం కన్నా కష్టం. మొదట అమ్మడు హైతీ ఒక్కటే పేజీన్నర రాసింది. ఫోన్‌లో టైమర్ పెట్టి ఐదు మార్కుల దానికి పది నిమిషాలు అనుకున్నాం. ప్రతి పాయింటులో ఒక సంవత్సరం, ఒక మనిషి లేదా ఒక చట్టం ఉండాలి. అవి లేని వాక్యం కొట్టేయాలి. ఐదు పాయింట్లు, కీలక పదం కింద గీత, పేరాల మధ్య ఒక లైను ఖాళీ. వందల పేపర్లు దిద్దే టీచరుకి కళ్లు లాగుతాయి, గీతలు కనబడితే మార్కు పడుతుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

పరీక్షలో అడిగింది, విప్లవం వల్ల సమాజంలో అందరికీ సమానంగా మేలు జరిగిందా, ఉదాహరణలతో రాయండి అని. అమ్మడు బయటికొచ్చి నన్ను చూడగానే బొటనవేలు ఎత్తి చూపించింది. మ్యాపులో బోర్డో, నాంత్ రెండూ వచ్చాయట. ఐదుకి నాలుగున్నర వేశారు. అర మార్కు ఎందుకు పోయిందో పేపర్ మీద రాసి లేదు. ఓటు సంవత్సరం ఏది రాసిందని ఎంత అడిగినా చెప్పలేదు, పేపర్ కూడా చూపించలేదు.

యాన్యువల్‌కి రష్యా విప్లవం. చార్టు మళ్లీ పరిచాం. పుటిలోవ్ ఫ్యాక్టరీ కార్మికుడు, పల్లెటూరి రైతు, భూస్వామి, సైనికుడు, వీళ్లకి నాలుగు గళ్లు. 1917 ఫిబ్రవరి విప్లవం మార్చిలో ఎందుకొచ్చిందన్న క్యాలెండర్ గొడవ ఒక సాయంత్రం తినేసింది. మ్యాపు చిట్కా మాత్రం ఇక్కడ పనిచేయదు. రష్యా చాప్టర్‌కి గుర్తించమనేది మొదటి ప్రపంచ యుద్ధంలో ఏ దేశం ఏ పక్షమో. వాటిని బట్టీ పట్టాల్సిందే.